ఇడితాల్: సవరల గోడ బొమ్మ, క్రైస్తవ సంఘము - ఒక చారిత్రక పరిశీలన

ఐతరేయ బ్రాహ్మణములో ఆంధ్రుల పేరు కనబడే చోటనే శబరుల పేరు కూడా కనబడుతుంది. పుండ్రులు, పుళిందులు, మూతిబులతో కలిపి ఈ ఇద్దరినీ ఒకే వరుసలో, సరిహద్దుల ఆవలి జనులుగా చెప్పారు. తెలుగువారి చరిత్ర వ్రాసినవారు చాలామంది ఆంధ్రుల పేరును చూపి అక్కడి నుండి మొదలుపెడతారు. శబరుల పేరు దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు. రామాయణములో శబరి, పూరీ జగన్నాథుని కథలో విశ్వావసువు - మైదానపు కథలలో సవర ఎప్పుడూ పండునో దేవునినో ఇతరులకు అప్పగించి తెరమరుగయ్యే మనిషే.

ఆ శబరుల సంతతిగా భావించబడే సవరలు నేడు వంశధార నది పరిసరాలలోని తూర్పు కనుమలలో నివసిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా కొండ గ్రామాలు, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట ప్రాంతము, ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాలు వీరి నెలవులు. వీరి భాష సవర, లేక సోర. అది తెలుగు వంటి ద్రావిడ భాష కాదు, ఒడియా వంటి ఆర్య భాష కాదు. ముండా కుటుంబమునకు చెందినది. 2011 జనాభా లెక్కలలో దీనిని మాతృభాషగా చెప్పినవారు సుమారు 4 లక్షలమంది.

2024 జనవరిలో ఒడిశాలోని లంజియా సవరల చిత్రకళకు భౌగోళిక గుర్తింపు లభించింది. పత్రికలు సంతోషించాయి, మేమును సంతోషించాము. అయితే ఆ వార్త చదివిన దినమున మాకు ఒక సున్నపు గోడ జ్ఞాపకమునకు వచ్చింది. ఆ గోడను గూర్చి చెప్పుటకు ముందు, దాని మీద ఏమి ఉండేదో చెప్పవలసియున్నది.

గోడ మీది ఇల్లు

ఈ బొమ్మను సవరలు ఇడితాల్ అంటారు. ఇడ్ అనగా గీయుట లేక వ్రాయుట. రెండవ భాగము గోడ. ఇంటి లోపలి గోడను ఎర్రమట్టి నీళ్లతో అలికి, నానబెట్టి నూరిన బియ్యపు పిండితో, కొన నలిపిన పుల్లను కుంచెగా చేసి గీస్తారు. ముందు ఒక చతురస్రము గీస్తారు. అది అలంకారపు చట్రము కాదు, ఒక ఇల్లు. దాని లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్టు, జింక, నెమలి, కోతి, ఏనుగు, గుర్రము మీద మనిషి, గొడుగు పట్టినవాడు, తుపాకి పట్టినవాడు, చేతులు పట్టుకొని ఆడే మనుషుల వరుసలు ఉంటాయి. 1940లలోనే వెరియర్ ఎల్విన్ చూచిన గోడలలో రైలుబండి, విమానము కూడా ఉన్నాయి. వాడుకలోనికి ఏది వచ్చినా గోడ దానికి చోటు ఇచ్చేది.

ఎవరికి బడితే వారికి, ఎప్పుడు బడితే అప్పుడు గీసేది కాదు ఈ బొమ్మ. ఇంటిలో రోగము వచ్చినా, పంట బాగుండాలన్నా, చనిపోయినవారు కలలో వచ్చి అడిగినా కురన్ అనబడే పూజారి సోనుము ఏదో, అనగా ఏ ఆత్మ కారణమో, నిర్ణయించి చెప్పేవాడు. బొమ్మ పూర్తి అయిన తరువాత కురన్ ఆ సోనుమును పిలిచి, నీ కొరకు ఇల్లు కట్టాము, ఇందులో ఉండుము అని మనవి చేసేవాడు. ఏదైనా మరచిపోతే దానినీ గీసి చేర్చేవారు. కొన్ని నెలలకు పొయ్యి పొగకు బొమ్మ మసకబారేది. దానిని కాపాడవలెనన్న పట్టుదల ఎవరికీ ఉండేది కాదు. అవసరము వచ్చినప్పుడు మరల గీసేవారు. కనుక వంద సంవత్సరాల నాటి ఇడితాల్ ఎక్కడా ఉండదు. ఉన్నది గీసే చేయి మాత్రమే. ఒక తరము గీయుట మానివేస్తే చూచి నేర్చుకొనుటకు పాత గోడ మిగలదు.

సవరల కళ గోడతో ముగిసిపోదు. కొండ వాలును రాతి కట్టలతో మెట్లు మెట్లుగా మలచి, ఒక మడి నుండి మరొక మడికి నీరు మట్టిని కోయకుండ దిగేటట్లు వారు చేసిన వరి పొలములు ఆ ప్రాంతమునకు వెళ్లిన ప్రతివాడూ ఆగి చూచేవి. సిమెంటు లేదు, కొలత బద్ద లేదు. కొండ మీద పోడును, దిగువ మెట్ల పొలమును ఒకే కుటుంబము చూచుకొనేది. చనిపోయినవారి కొరకు రాళ్లు నిలబెట్టే గువార్ అనే ఆచారము కూడా ఉంది. దానికి ఎనుబోతును బలి ఇచ్చేవారు. యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయము మీద ప్రసంగించేటప్పుడు గిల్గాలు రాళ్లను వివరించుటకు మేము ఎక్కడెక్కడి ఉదాహరణలో వెదకేవాళ్లము. ఊరి బయట నిలబడియున్న రాళ్లు మా కంటికి ఆనలేదు.

చనిపోయినవారితో మాట్లాడుట

1975లో పరిశోధన కొరకు సవర కొండలకు వచ్చిన పియర్స్ విటెబ్స్కీ 1993లో తన మొదటి గ్రంథము ప్రకటించారు. ఆయన వర్ణించినది ముఖ్యముగా ఒక సంభాషణ. సోలిన కురన్ నోట చనిపోయినవాడు మాట్లాడతాడు. బంధువులు చుట్టూ కూర్చొని అతనితో వాదిస్తారు, ఏడుస్తారు, నవ్వుతారు, పాత బాకీలు గుర్తు చేస్తారు. కొత్తగా చనిపోయినవాడు భయంకరుడు. తాను ఏ రోగముతో పోయాడో అదే రోగమును తనవారికి అంటిస్తాడని నమ్మకము. సంవత్సరాలు గడిచి, సంభాషణలు జరిగి, బలులు ముగిసిన తరువాత అతడు మెల్లగా శాంతించి పితరుడవుతాడు. అప్పుడు అతని పేరు ఇంట పుట్టిన బిడ్డకు పెడతారు. అనగా ఒకని మరణము ఇంకొకని నామకరణముతో ముగుస్తుంది.

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము తెలిసిన కాపరికి ఇక్కడ సందేహము ఉండదు. మృతుల యొద్ద విచారణ చేయుట ధర్మశాస్త్రము నిషేధించిన కార్యము. ఏన్దోరులో సౌలు చేసినదీ అదే. మేము ఆ నిషేధమును సడలించుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు.

గిడుగు వేసిన దారి

సవరల చరిత్రలో తెలుగువాడు సిగ్గుపడకుండ చెప్పుకోగలిగిన పేరు గిడుగు వేంకట రామమూర్తి పంతులుది. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవర తెలిసినవానిని తన ఇంటనే ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. సవర భాషలో వాచకములు వ్రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతములిచ్చారు. 1911లో మద్రాసు ప్రభుత్వము వెయ్యి రూపాయల పారితోషికము ఇవ్వబోగా ఆ సొమ్ముతో బడి నడపుడని కోరారు. 1931లో ఆయన సవర వ్యాకరణము ఆంగ్లములో వెలువడింది. వ్యావహారిక భాష కొరకు ఆయన చేసిన పోరాటమును బడి పిల్లలు కూడా చెబుతారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవము జరుపుతాము. మా దృష్టిలో ఆ పోరాటమునకు మూలము సవర కొండలలో ఉంది. వ్రాతలేని భాషకు కూడా వ్యాకరణము ఉంటుందని చెవితో విని తెలుసుకొన్నవాడు పామరుని తెలుగును తప్పు అని ఎట్లు అనగలడు? (మన బైబిలు తెలుగు మాత్రము గిడుగు మాట వినలేదు. అది వేరే వ్యాసము.)

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. రామమూర్తిగారు నొచ్చుకొని రాజమండ్రికి తరలిపోయారు. తెలుగు చరిత్రలో ఈ సంగతి పర్లాకిమిడిని పోగొట్టుకొన్న దుఃఖముగానే చెప్పబడుతుంది. అదే గీత సవర కొండలను కూడా రెండుగా కోసిందని అంతగా చెప్పరు. అదే సంవత్సరము జూన్‌లో మంగయి గొమాంగో అనే సవర, తన జాతికి సొంత లిపి కావాలని సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని వెలువరించాడు. ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క దేవత పేరుతో ముడిపడియున్నది. బాప్తిస్టు సంఘము రోమను లిపిని వాడింది. ఆంధ్రలో బడి పుస్తకములు తెలుగు లిపిలో, ఒడిశాలో ఒడియా లిపిలో. 4 లక్షలమంది భాషకు నాలుగు లిపులు! ఒక ఇంటి అన్న వ్రాసిన ఉత్తరము సరిహద్దు అవతలి తమ్ముడు చదవలేకపోవచ్చును.

సంఘము తెచ్చినది

కెనడా బాప్తిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని ఆరంభించి, తీరము వెంబడి ఉత్తరమునకు సాగి, పర్లాకిమిడి మీదుగా సవర కొండలు చేరారు. సెరంగోలో ఆసుపత్రి వెలసింది. క్రొత్త నిబంధన సవర భాషలోనికి వచ్చింది. విటెబ్స్కీ మొదట చూచిన గ్రామాలలో 1970లలో పాత మతమే బలముగా ఉండేది. ఒక తరము గడిచేసరికి యౌవనులలో అధికులు బాప్తిస్టులయ్యారు.

ఎందుకు? కొందరు పరిశోధకులు మిషనరీల ఒత్తిడి అని ఒక్క మాటతో తేల్చివేస్తారు. అది సవరలను తెలివితక్కువవారిగా ఎంచుటయే. రోగము వచ్చిన ప్రతిసారి బలి, మరణము జరిగిన ప్రతిసారి ఎనుబోతు. ఎనుబోతు కొనుటకు అప్పు. అప్పు ఇచ్చిన దిగువ వర్తకునికి పంటయో, పొలమో. అటవీ ఉద్యోగి, పోలీసు, ముఠాదారు ముందు చదువురాని భయము. సువార్త విన్న సవరకు పాపక్షమాపణతో పాటు ఈ బలుల లెక్క కూడా ముగిసింది. బిడ్డ చదువుకొన్నాడు, కచేరీకి వెళ్లి నిలబడి మాట్లాడాడు. సారా, జీలుగు కల్లు తగ్గిన ఇంట ఆడవారి ముఖములు ఎట్లు మారాయో ఆ సంఘాలలో పరిచర్య చేసినవారందరికీ తెలుసు. ఇది విమోచన కాదని ఎవరైనా అంటే మేము ఒప్పుకొనము.

ఎల్విన్ కథ ఇక్కడ మనకు కొంత ఇబ్బందిని కలిగిస్తుంది. 1927లో ఆంగ్లికన్ సంఘ సేవకునిగా పూనా వచ్చిన ఆయన 1930లలో సంఘమును విడిచిపెట్టారు. 1955లో సవరల మతమును గూర్చి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము ఇడితాల్‌లకు నేటికీ ముఖ్యమైన ఆధారము. బొమ్మను ఓపికగా కూర్చొని చూచినవాడు సంఘమును విడిచిన సేవకుడు. సంఘములో ఉన్న మేము దానిని ఎందుకు చూడలేకపోయాము?

సున్నపు గోడ

పాతిక సంవత్సరాల క్రితము, బి.డి. ముగించి కొంతకాలమే అయిన దినములలో, సీతంపేట పైభాగమున ఒక కొండ గ్రామములో ఒక కుటుంబమునకు బాప్తిస్మము ఇచ్చుటకు వెళ్లాము. ఇంటిలోనికి అడుగుపెట్టగానే ఎదుటి గోడ మీద బొమ్మ. సగము పొగ కమ్మింది. గుర్రము మీద ఒకడు, వెనుక గొడుగు పట్టినవాడు. బాప్తిస్మమునకు ముందు గోడకు సున్నము వేయుమని మేమే చెప్పాము. ఎవరూ మమ్మును ఆజ్ఞాపించలేదు. మేము నేర్చుకొన్నది అదియే. ఇంటి యజమాని వెంటనే ఒప్పుకొన్నాడు. అతని తల్లి మాత్రము లేచి వచ్చి గోడకు చేయి ఆనించి నిలబడింది.

"ఏసెయ్యండి బాబూ, సున్నం ఏసెయ్యండి. ఆ గుర్రమ్మీదున్నోడు మా పెద్దోడు బాబూ, జొరమొచ్చి పోనాడు. ఆడినెక్కడెట్టుకోమంటావు మరి?"

ఆమె మమ్మును ఎదిరించలేదు, అడిగింది. అతడు ప్రభువు నొద్ద ఉన్నాడని చెప్పుటకు మాకు ధైర్యము లేదు. అతడు సువార్త వినలేదు. లేడని చెప్పుటకు అంతకంటె లేదు. ఒక వాక్యభాగము చదివి ప్రార్థన చేశాము. సున్నము వేశారు. ఆమె కూడా బాప్తిస్మము పొంది, మంచి విశ్వాసిగా జీవించి కన్నుమూసింది. ఆ ప్రశ్న మరల ఎప్పుడూ అడగలేదు. అది మాకు అప్పట్లో విశ్వాసముగా కనబడింది. ఇప్పుడు అంత నిశ్చయముగా చెప్పలేము.

ఆ గోడలో మూడు సంగతులు కలిసియున్నవి: సోనుమునకు నివాసము, చనిపోయిన కుమారుని జ్ఞాపకము, ఒక మనుష్యుని చేతిపని. మొదటిదానిని వద్దనుట మన బాధ్యత. అయితే సున్నము మూడింటి మీదా ఒకేసారి పడింది. సవరకు పాత మతములో మరణమునకు మూడు నాలుగు సంవత్సరాల పని ఉండేది. మేము ఇచ్చినది ఒక దినపు భూస్థాపన ఆరాధన, ఒక కీర్తన, ఒక నిరీక్షణ. నిరీక్షణ సత్యమే. ఏడ్చుటకు ఇచ్చిన సమయము మాత్రము చాలలేదు. విటెబ్స్కీ 2017లో వ్రాసిన రెండవ గ్రంథపు ఉపశీర్షికలో నష్టము, విమోచన అను రెండు మాటలనూ ప్రక్క ప్రక్కన పెట్టారు. సంఘ చరిత్రకారులమైన మనము రెండవ మాటను మాత్రమే వ్రాస్తూ వచ్చాము.

మైదానములో మనము ఇంత కఠినముగా లేము. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) 1833లో కటకములో బాప్తిస్మము పొంది, రాగతాళాలతో కీర్తనలు వ్రాశారు. ఆ రాగములు అంతకు ముందు ఎవరి స్తుతికి వాడబడ్డాయో అందరికీ తెలుసు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరచి పాడేటప్పుడు ఎవరి మనస్సాక్షి నొచ్చుకొనదు. కొండ డప్పు దగ్గరకు వచ్చేసరికి మాత్రము అది సోనుముల డప్పు అయింది. వేదాంత కారణముతో పాటు మైదానపువారి చిన్నచూపు ఇందులో ఎంత ఉన్నదో మనలను మనము అడుగుకొనవలెను.

సంఘ చరిత్రలో రెండు త్రోవలకూ ఆధారములున్నవి. హిజ్కియా ఇత్తడి సర్పమును పగులగొట్టెను. అది దేవుడే చేయించినది, మోషే చేసినది, అయినను జనులు దానికి ధూపము వేసిన తరువాత ఉంచుటకు వీలు లేకపోయింది. 601లో గ్రెగొరీ పోపు ఇంగ్లాండు మిషనును గూర్చి మెల్లిటస్‌కు వ్రాసిన లేఖలో విగ్రహములను తీసివేయుడి, కట్టడములను పడగొట్టక ఆరాధనకు వాడుడి అని సలహా ఇచ్చెను. సెమినరీలో ఈ లేఖను పరీక్ష కొరకు చదివాము. కొండ ఎక్కేటప్పుడు అది జ్ఞాపకము రాలేదు.

అట్లని ఇప్పుడు తొందరపడి గుడి గోడ మీద ఇడితాల్ శైలిలో క్రీస్తు జననము గీయించుట కూడా సరికాదు. పట్టణపు సంఘాలలో అటువంటి ఉత్సాహము చూస్తున్నాము. ఒకసారి మాతో వచ్చిన ఒక మిత్రుడు అట్లే సూచించగా ఒక సవర సంఘపెద్ద తల అడ్డముగా ఊపాడు. "ఆ బొమ్మ గీసినారంటే ఎవుడో ఒకడొచ్చి కూకుంటాడని మా నాన్న చెప్పీవోడు బాబూ. మీకేటి తెలుస్తాది?" అన్నాడు. భయము నుండి బయటపడినవానికి ఆ గీత ఇంకా భయమే. విగ్రహార్పితములను గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసినది ఇక్కడ యథాతథముగా వర్తిస్తుంది. ఏది ఉంచుకోవాలో, ఏది విడువాలో, ఎప్పుడో - ఆ తీర్పు సవర విశ్వాసులది. ఒకసారి వారి బదులు తీర్పు చెప్పినవాళ్లము, రెండవసారి కూడా చెప్పుట తగదు.

మేము చేయగలిగినది ఒకటి కనబడింది. సంఘపు రిజిస్టరులో బాప్తిస్మపు తేదీ, బాప్తిస్మపు పేరు, మరణపు తేదీ ఉన్నాయి. తాత పేరు మనుమనికి వచ్చే వాడుక ఉన్న జనుల రిజిస్టరులో ఆ పాత పేరుకు గడి లేదు. అందుచేత పెద్దల అనుమతితో ఒక వేరే పుస్తకము పెట్టి, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పుట కేటాయించి, జ్ఞాపకమున్నంత వరకు చనిపోయినవారి పేర్లు, ఎవరి పేరు ఎవరికి వచ్చిందో, ఎవరు ఏ మడికి రాతి కట్ట పేర్చారో వ్రాయిస్తున్నాము. ఆదివారపు ఆరాధన తరువాత యౌవనులు ముసలివారి దగ్గర కూర్చొని అడుగుతారు. అక్కడ ప్రార్థన ఉంటుంది, పిలుపు ఉండదు.

సున్నము వేయించిన ఇంటికి కూడా ఒక పుట ఉంది. ఆ ఇంటి మనుమరాలు ఇప్పుడు శిక్షణ పొంది గుడ్డ మీద సవర బొమ్మలు వేసి అమ్ముతుంది. చక్కని చేయి. ఆమె చూపిన గుడ్డ మీద కూడా గుర్రము, దాని మీద మనిషి, వెనుక గొడుగు ఉన్నాయి. ఎవరమ్మా ఇతడు అని అడిగాము. "ఎవులూ కాదండి, అలాగే ఎయ్యాలని నేర్పినారండి" అన్నది. ఆ పుటలో ఆమె పెదనాన్న పేరు వ్రాయవలెనని ఊరిలో విచారించగా ఇద్దరు వృద్ధులు రెండు వేరు వేరు పేర్లు చెప్పారు. రెండూ వ్రాయించాము.